రెండో రీడింగు

పాల కేంద్రంలో ఆమెను అందరూ డిగ్రీలమ్మ అనేవారు. పదహారేళ్లుగా ఆమె పని ఒక్కటే: గంటకోసారి ఆరు శీతల గదుల ఉష్ణోగ్రత చూసి, తలుపు పక్కన తగిలించిన పట్టికలో రాసి, ఎదురుగా పొట్టి సంతకం చేయడం. నాలుగు డిగ్రీలు ఉండవలసిన గది ఏడు చూపిస్తే, ఆ పాలు ఉంచాలా పారబోయాలా అన్నది ఆమె మాట మీద తేలేది. ఆ మాట అనడానికి ఆమె ఎన్నడూ తొందరపడలేదు. లారీలోకి డబ్బాలు ఎక్కించేటప్పుడు తలుపు బార్లా తెరిచి ఉంటుంది. బయటి వేడి లోపలికి వస్తుంది. ఆ నిమిషంలో కనిపించే అంకె గాలిది, పాలది కాదు. కాబట్టి తలుపు మూసి, పది నిమిషాలు ఆగి, మళ్లీ చూడాలి. పట్టికకెక్కేది ఆ రెండో రీడింగే. కొత్తగా చేరినవాళ్లకు ఆమె మొదట నేర్పే పాఠం ఇదే. "మొదటి అంకె చూసి గాభరా పడేవాళ్లు ఈ పనికి పనికిరారు," అనేది.

మంచి నియమమే. అయితే చాలా మంచి నియమాలకున్న చిక్కు దీనికీ ఉంది: తాను పుట్టిన గదిలో ఉన్నంతవరకే అది నిజం. గడప దాటించి ఇంకోచోటికి తీసుకుపోయిన నియమం పాత గౌరవంతోనే మాట్లాడుతుంది, కాని ఏం మాట్లాడుతోందో దానికి తెలియదు.

బడికి సెలవులివ్వడానికి రెండు నెలల ముందు ఆమె రొమ్ములో గడ్డ బయటపడింది. ఆపరేషన్ అయింది. ఆ తరువాత మూడేసి వారాల ఎడంతో ఆరు విడతల కీమో అన్నారు. ఇంట్లో ఉన్నవాళ్లు నలుగురు: ఆమె, కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే భర్త, మాట పదునులో ఆ అద్దాల యంత్రానికేమీ తీసిపోని అత్తగారు, పదేళ్ల కూతురు. ఒక్కచోట నిలవదని కూతురిని పిచ్చుక అనేవారు. ఆ నలుగురూ కూర్చుని వేసవిని మూడు వారాల ముక్కలుగా కోసుకున్నారు. మొదటి వారం మంచం. రెండో వారం ఒంట్లో తెల్లకణాలు పడిపోయే రోజులు. జనంలోకి వెళ్లకూడదు, ఎవరి దగ్గూ తుమ్మూ సోకకూడదు. మూడో వారం ఆమె మళ్లీ మనిషి అవుతుంది. తోటలో భోజనాలు, బొమ్మల ప్రదర్శన, పిచ్చుక పుట్టినరోజు, అన్నీ మూడో వారాల్లోకి సర్దారు. ఫ్రిజ్ మీది క్యాలెండర్‌లో పెన్సిలుతో గీసిన ఆ గళ్లు చూస్తే, సంతోషానికి కూడా వరసలో నిలబడి టోకెన్ తీసుకోవలసి వచ్చినట్టు ఉండేది.

డాక్టరు అన్నిటికన్నా గట్టిగా చెప్పిన మాట ఒకటుంది.

"ఒంటి వేడి ముప్ఫై ఎనిమిది వస్తే, అంటే పాత లెక్కలో నూరు దాటితే, వెంటనే రండి. ఏ వేళైనా సరే. మాత్ర వేసుకుని చూద్దాం, కాసేపాగి చూద్దాం అనొద్దు. తెల్లకణాలు లేనప్పుడు జ్వరమొస్తే మనకుండేది గంటలే."

డిగ్రీలమ్మ తల ఊపింది. చెడిపోయేది ఎంత వేగంగా చెడిపోతుందో ఆమెకు వేరే చెప్పనక్కరలేదు.

ఇంట్లో రీడింగుల బాధ్యత పిచ్చుక తీసుకుంది. స్కేలు పెట్టి అచ్చం అమ్మ ఆఫీసులో ఉన్నట్టే పట్టిక గీసింది: తేదీ, సమయం, డిగ్రీలు, రిమార్కులు, సంతకం. రోజుకు మూడుసార్లు అమ్మ నాలుక కింద థర్మామీటరు పెట్టుకుని అంకె చెప్పేది, పిల్ల రాసేది, అమ్మ సంతకం చేసేది. రిమార్కుల గడి మాత్రం పూర్తిగా పిల్ల ఇష్టం. "అన్నం సగం వదిలేసింది." "నానమ్మ మీద కోపం." "తలకి స్కార్ఫు బాగుంది."

ఆ వేసవిలో పిచ్చుక ఈత నేర్చుకుంది. వారానికి మూడు రోజులు ఈతకొలనుకు వెళ్లేది. తల్లి వెళ్లడానికి లేదు. అంతమంది పిల్లలు, అంత తడి, అంత గోల ఆమెకు నిషేధం. భర్త ఫోన్‌లో వీడియోలు తీసుకొచ్చేవాడు. వాటిలో సగం అతని వేలే.

"ఊరందరి చూపూ బాగుచేస్తాడు గానీ, తన వేలెక్కడుందో తనకి కనపడదు," అనేది అత్తగారు.

"అది నీడమ్మా, వేలు కాదు."

"నీడకి గోరు కూడా ఉంటుందేమిట్రా?"

నవ్వేవారు. నవ్వాక ఆ వీడియోను డిగ్రీలమ్మ ఒక్కతే మళ్లీ చూసేది. వేలికీ తెర అంచుకూ మధ్య ఒక చిన్న చెయ్యి నీళ్లలోంచి లేచి, మళ్లీ మునిగేది. పిల్ల ఈదుతోందని ఆ చెయ్యి చెబుతోంది. కాని తెలియడం వేరు, చూడడం వేరు. వచ్చే వేసవి గురించి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు. మాట్లాడకపోవడం అందరికీ ఒకే తీరులో అలవాటయింది.

సెలవుల చివరి శనివారం, ఆదివారం సరస్సు దగ్గర గడపాలని ఆమె ఆడపడుచు ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకుంది. కారులో రెండు గంటల దారి. ఒడ్డునుంచి నీళ్ల మీదికి కొంతదూరం సాగిన చెక్కవంతెన, దానికి ఎదురుగా నీళ్లలో తేలే ఎర్రటి పీపా. వంతెన దగ్గరనుంచి ఆ పీపా దాకా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఈదుతానని పిచ్చుక అంది. ఒడ్డున నిలబడి చూస్తానని తల్లి మాటిచ్చింది. సోమవారం బడి తెరుస్తారు. తేదీ లెక్కపెట్టే పెట్టారు: నాలుగో విడత తరువాత పదిహేడో రోజు, మూడో వారం నడిబొడ్డు.

నాలుగో విడతకు ముందు చేసిన రక్తపరీక్షలో కణాలు తక్కువగా ఉన్నాయన్నారు. కీమో ఒక వారం వెనక్కి జరిగింది. సరస్సు జరగలేదు. పదిహేడో రోజు కావలసినది పదో రోజయింది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే, జ్వరం లేకపోతే వెళ్లవచ్చు, నీళ్లలో దిగకూడదు, జనానికి ఎడంగా ఉండాలి అన్నారు. జ్వరం లేకపోతే. ఇల్లంతా ఆ రెండు మాటలు పట్టుకుని వారం రోజులు వేలాడింది.

ఆ శనివారం ఆమెకు అయిదింటికే మెలకువ వచ్చింది. వెన్నులో సన్నగా చలి. లేచి వంటింట్లోకి వెళ్లి, పొయ్యి మీద టీకి నీళ్లు పెట్టి, వేడెక్కాక గుక్కెడు తాగి, అక్కడే నిలబడి థర్మామీటరు నోట్లో పెట్టుకుంది. అది కూసింది. ముప్ఫై ఎనిమిది పాయింట్ రెండు.

ఆమె అంకెను చూసింది. తరువాత పొయ్యిని చూసింది. మంట పక్కన నిలబడి ఉంది. వంటింట్లో ఉక్కపోత. ఇప్పుడే గుక్కెడు వేడినీళ్లు తాగింది కూడా. తలుపు తెరిచి ఉంది, అనుకుంది. అచ్చం ఆ మాటలతోనే అనుకుంది. పొయ్యి ఆర్పి ముందుగదిలోకి వచ్చి కూర్చుంది. నోట్లో పుండ్లకు ఉపశమనంగా ఐసు చప్పరించమని నర్సు ఎప్పుడో చెప్పింది. లేచి ట్రేలోంచి రెండు ముక్కలు తీసి నోట్లో వేసుకుంది. గోడ గడియారంలో పది నిమిషాలు చూసింది. మళ్లీ పెట్టుకుంది. ముప్ఫై ఏడు పాయింట్ ఏడు.

అప్పుడు కూతురిని పిలిచింది.

ఆమె అబద్ధమాడిందని అనలేం. యంత్రం చూపించిన అంకెనే చదివింది. ఐసు గురించి ఆమెకు తెలుసు. నాలుక కింద మంచుగడ్డ ఉంచి ఒంటి వేడి కొలవడమంటే ఏమిటో ఆమె కన్నా బాగా తెలిసినవాళ్లు ఆ ఊళ్లో పదిమంది కూడా ఉండరు. అయినా తనను తాను మోసగించుకోవడానికి ఆమెకు కొత్త సాకు అవసరం పడలేదు. పదహారేళ్ల వృత్తిధర్మమే సాయపడింది. మనిషి తన తప్పును ఎప్పుడూ తన లోపంలోనే దాచుకోడు. ఒక్కోసారి తన నేర్పులో దాచుకుంటాడు. అక్కడ వెతకాలని ఎవరికీ తోచదు.

పిల్ల అప్పటికే గౌను లోపల నీలం ఈత దుస్తులు వేసుకుని సిద్ధంగా ఉంది. అంకె రాసింది. తల్లి సంతకం చేసింది.

ఆరున్నరకు బయలుదేరారు. ముందు సీట్లో భర్త పక్కన అత్తగారు, వెనక తల్లీ కూతుళ్లు.

"మెల్లిగా పోరా. సరస్సేమీ ఎండిపోదు."

"నలభైలో పోతున్నానమ్మా. ఇంతకన్నా మెల్లిగా అంటే దిగి తొయ్యాలి."

"తొయ్యి. నీ పొట్ట తగ్గుతుంది."

డిగ్రీలమ్మ నవ్వబోయింది గాని దవడ వణికింది. శాలువా మెడదాకా లాక్కుంది. బయట ఎండ అప్పటికే తెల్లగా కాస్తోంది. రోడ్డు పక్క మైలురాళ్ల మీద అంకెలు తగ్గుతున్నాయి. ఒక్కొక్కటీ దాటుతుంటే ఆమె ఊపిరి వదిలేది. ఇంకొన్ని దాటితే వెనక్కి తిరగడం కన్నా ముందుకు పోవడమే దగ్గరవుతుంది. ఆ లెక్క తాను వేస్తున్నట్టు గమనించి, ఆమెకు తన మీద మొదటిసారి భయం వేసింది.

పిచ్చుక తల్లి భుజానికి చెంప ఆనించింది. వెంటనే తీసేసింది. కాసేపు కిటికీలోంచి చూసింది. తరువాత సంచిలోంచి పట్టికా పెన్సిలూ తీసింది.

"అమ్మా, ఒక రీడింగు తీద్దాం."

"ఇప్పుడెందుకే? పొద్దున తీశాంగా. ఇక మధ్యాహ్నం తీద్దాం."

"ప్రయాణంలో ఉంటే గంటకోసారి తియ్యాలి. పాల ట్యాంకర్లకి అంతేనని నువ్వే చెప్పావ్."

"నేను ట్యాంకర్‌నటే?"

పిల్ల నవ్వలేదు. థర్మామీటరు చాపి పట్టుకుంది.

"కిటికీ తెరిచి ఉంది కదమ్మా," అంది తల్లి. "ఎండగాలి మొహానికి కొడుతోంది. ఇప్పుడు చూస్తే తప్పొస్తుంది."

పిచ్చుక ఒక్క క్షణం ఆలోచించింది. తన వైపు అద్దం పైకెత్తింది. తల్లి మీదుగా వంగి అవతలి అద్దం కూడా ఎత్తింది.

"నానమ్మా, మీది కూడా ముయ్యండి. నాన్నా, నువ్వు కూడా."

"ఏమిటే ఈ పరీక్ష? ఉడికి చస్తాం!"

"పది నిమిషాలే నానమ్మా. తలుపు మూసి పది నిమిషాలు ఆగాలి."

భర్త తల పైనున్న అద్దంలో వెనక్కి చూశాడు. భార్య కళ్లు అతని కళ్లకు దొరకలేదు. అతను తన వైపు కిటికీ మూసి ఏసీ వేశాడు.

అత్తగారు కూడా తన కిటికీ మూసి, కొంగుతో విసురుకుంటూ కూర్చుంది. ముందున్న చిన్న గడియారంలో అంకెలు మారుతున్నాయి. దూరంగా కొండల వరస కనిపించింది; సరస్సు వాటికి అవతల ఉంటుందని ఆడపడుచు చెప్పింది. డిగ్రీలమ్మకు నోట్లో నాలుక బరువుగా, ఎండిపోయి, తనది కానట్టు ఉంది. ఇక్కడ ఐసు లేదు. పొయ్యి లేదు. తెరిచిన తలుపు కూడా లేదు.

"అయింది," అంది పిచ్చుక.

థర్మామీటరు కూసింది. తల్లి దాన్ని తీసి తన వైపు తిప్పుకుంది. కూతురికి అంకె కనపడదు. ఆమె ఏ అంకె చెబితే అదే పట్టికకెక్కుతుంది, ఎప్పుడూ అంతే. పెన్సిలు మొన కాగితం మీద ఆగి ఉంది. గౌను భుజం దగ్గర నీలం పట్టీ కనిపిస్తోంది.

"ముప్ఫై ఎనిమిది పాయింట్ ఏడు," అంది ఆమె.

ఇండికేటరు టిక్కు టిక్కుమని కొట్టుకోసాగింది. భర్త బండిని పక్కకు తీసి, ఎదురొచ్చే లారీని పోనిచ్చి, వెనక్కి తిప్పాడు. తరువాత అతను తోలిన వేగానికి అత్తగారు ఒక్క మాట అనలేదు. చెయ్యి వెనక్కి చాపి కోడలి మోకాలు పట్టుకుని, ఆసుపత్రి వచ్చేదాకా అలాగే కూర్చుంది.

పిచ్చుక అంకె రాసింది. తల ఎత్తకుండానే అడిగింది.

"పొద్దున మొదటిసారి ఎంతొచ్చింది?"

తల్లి థర్మామీటరును డబ్బాలో పెట్టి మూత వేసింది.

"ముప్ఫై ఎనిమిది పాయింట్ రెండు."

"ఐసు ట్రేలో రెండు గళ్లు ఖాళీగా ఉన్నాయి. నేను చూశాను." పిల్ల పెన్సిలు కింద పెట్టింది. "చూసి కూడా అడగలేదు. అడిగితే వెళ్లమేమోనని."

తల్లి ఆ పిల్లను దగ్గరకు తీసుకోబోయి, తన ఒంటి వేడి తగులుతుందని ఆగింది. పిల్లే వచ్చి ఆనుకుంది.

ఆసుపత్రిలో ప్రశ్నల కన్నా పనులు ముందు జరిగాయి. చేతికి సూది, రెండు సీసాల్లోకి రక్తం, యాంటీబయాటిక్ సంచి, దాని కింద చుక్కలు. కణాలు దాదాపు లేవన్నారు. అన్నీ బిగించాక నర్సు కలం తీసింది.

"జ్వరం ఎప్పట్నుంచి?"

భర్త భార్యకేసి చూశాడు. "ఏడుంబావుకి..." అని మొదలుపెట్టాడు.

"అయిదున్నర నుంచి," అంది డిగ్రీలమ్మ.

నర్సు ముఖం మారింది. "మూడు గంటలు ఏం చేశారండీ?"

జవాబుగా పిచ్చుక పట్టిక చాపింది. అయిదున్నర గడిలో ముప్ఫై ఏడు పాయింట్ ఏడు అని ఉంది. తల్లి పెన్సిలు అడిగింది. పాల కేంద్రంలో అంకెను చెరపడం నేరం. తప్పు అంకె మీద ఒక్కటే గీత కొట్టాలి, కింద ఏముందో కనపడేలా. సరైనది పక్కన రాయాలి. దిద్దినవాళ్లు సంతకం చెయ్యాలి. సూది ఉన్న చెయ్యి సరిగా వంగలేదు. ఆమె గీత కొట్టింది. 38.2 అని రాసింది. సంతకం వంకరపోయింది.

నర్సు కాగితం చూసి, తన ఫారంలో ఏదో రాసుకుంది. "ఇవాళా రేపూ పెరగొచ్చు, తగ్గొచ్చు. గంటకోసారి చూస్తాం," అంది. ఓదార్చే ప్రయత్నం చేయలేదు.

నర్సు వెళ్లాక పిచ్చుక మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, స్కేలు లేక పట్టిక అట్ట అంచుతో కొత్త వరసలు గీసింది. తొమ్మిది. పది. పదకొండు. ఎన్ని గియ్యాలో తెలియక కాగితం అడుగుదాకా గీసింది. డిగ్రీల గళ్లన్నీ ఖాళీగా ఉన్నాయి. బయట వరండాలో అత్తగారు, సరస్సు ఇల్లు తీసుకున్న తన కూతురితో ఫోన్‌లో, "ఆ ఇల్లు ఉంచెయ్. లేదు, తెలీదు. నువ్వు ఉంచెయ్," అంటోంది.

తొమ్మిదింటికి నర్సు థర్మామీటరు తెచ్చింది. అది కూసేలోగా పిల్ల ఊపిరి బిగబట్టింది, నీళ్లలో మునిగేముందు నేర్చుకున్నట్టు. డిగ్రీలమ్మ దాన్ని నోట్లోంచి తీసి, తాను చూడకుండా, కూతురి వైపు తిప్పి పట్టుకుంది.