పిలిస్తే పలికే వెన్నెల

దయ్యాలే ఉంటే మా చర్ల రోడ్డు గుంతల్లో పడి ఈపాటికి నడుములు విరగ్గొట్టుకునేవని చెప్పి అందరినీ నవ్వించేవాడిని. తొమ్మిదిలోనే బడి మానేశాను గానీ, అలాంటివి నమ్మే రకాన్ని మాత్రం కాదు.

చర్లలో మా ఇంటి ముందు గదిలోనే నాది చిన్న నెట్ సెంటర్. కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపితే ప్రతిదానికీ ఓ పేరుండాలి. నేను చుట్టాల వరసలు పెట్టాను. మెల్లగా నడిచేది బామ్మర్ది. కాగితాలు నమిలే ప్రింటరు అత్తమ్మ. "అత్తమ్మ అలిగింది, జర ఆగుండ్రి" అంటే జనం నవ్వేవారు.

లైను బాగుందో లేదో చూడాలంటే, ఒకదాంట్లో ఇంకోదాని పేరు కొట్టి పిలుస్తాం. అది నడుస్తుంటే వెంటనే జవాబిస్తుంది.

నా భార్య కమల కడుపుతో ఉన్నప్పుడు కొత్త కంప్యూటర్ కొన్నాం. దానికి తనే పేరు కొట్టింది: వెన్నెల.

"పుట్టకముందే బిడ్డ పేరు దీనికి పెడ్తివా?" అంది మా అత్త.

"మిషనే కదనే అమ్మా. బిడ్డ వచ్చినంక మారుస్త తియ్," అంది కమల.

మా గూడెంలో బిడ్డకు ముందే పేరు అనుకోరు. పుట్టాక బిడ్డ అరచేతిలో ఇప్పచెట్టు ఆకు పెట్టి ఒక్కో పేరూ పిలుస్తారు. ఏ పేరుకు గుప్పిట మూస్తే అదే ఖాయం.

నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. భద్రాచలం దవాఖానాలో గాజుపెట్టెలో ఉంచారు. పేరు పడితే ప్రాణం నిలుస్తుందని అత్త ఆశ. నర్సును బతిమాలి పాప చేతిలో ఆకు పెట్టింది. తెలిసిన పేర్లన్నీ పిలిచింది. చివరికి కమల "వెన్నెలా" అంది. వేళ్ళు కదలలేదు. ఆ సాయంత్రమే పాప పోయింది.

ఆ కంప్యూటర్‌ను చూడలేక వైర్లు పీకి, అట్టపెట్టెలో పెట్టి అటకెక్కించాను. తర్వాత ఓ మధ్యాహ్నం కమల, మేం బామ్మర్ది అనే ఆ మెల్లటి కంప్యూటర్ ముందు కూర్చుని 'వెన్నెల' అని కొట్టింది.

జవాబొచ్చింది.

పెట్టె దించి చూశాను. ఎలా కట్టానో అలాగే ఉంది. మెకానిక్‌ను పిలిపించాను.

"మిషన్లకు పాత పేరు యాదికుంటదిలే అన్నా," అని అన్ని కంప్యూటర్లలో ఉన్నదంతా తుడిచి కొత్తగా ఎక్కించాడు. తనే మళ్ళీ పిలిచి చూశాడు. మళ్ళీ జవాబొచ్చింది.

"ఇంట్ల ఇంకో సిస్టమ్ ఏమన్న ఉన్నదా?"

లేదన్నాను.

ఆ పలికేది ఏమిటో ఇప్పటికీ నాకు తెలియదు. కమల మాత్రం రోజూ పిలుస్తుంది. జవాబు రాగానే తన ఖాళీ గుప్పిట మూసుకుని అలాగే కూర్చుంటుంది. ఊరందరినీ నవ్వించిన నేను, ఆమె పక్కన కూర్చుని ఆ జవాబు కోసమే చూస్తుంటాను.