కాంటా కంప్యూటర్‌ను నేను పడగొట్టిన వైనం

ఒక ప్రోగ్రాం రాసి, అందులోని తప్పును మోకాళ్ల నొప్పులున్న పెద్దమనిషి మెడకు చుట్టబోయిన ఘనకార్యం చెబుతాను. నవ్వుకోండి. నాకు మాత్రం పూర్తిగా నవ్వు రాదు. ఆ పెద్దమనిషి సాయిలన్న ఇప్పుడు లేడు.

పటాన్‌చెరు దగ్గరి ఒక ఫ్యాక్టరీలో లారీలు తూచే కాంటా ఆపరేటర్ ఆయన. బరువు చూసి చేత్తో చీటీ రాసేవాడు. కాంటా చూపే బరువును కంప్యూటరే చదువుకునేలా నేను ప్రోగ్రాం రాశాను. మొదటి రోజు ఖాళీ లారీలు చక్కగా తూగాయి. సరుకుతో నిండిన లారీ ఎక్కగానే మెమొరీ ఎర్రర్ అంటూ ప్రోగ్రాం ఆగిపోయింది.

కేబుల్ మార్చాను. కంప్యూటర్ మార్చాను. ఎర్త్ గుంతలో ఉప్పూ బొగ్గూ పోయించాను. బయట లారీల వరస ఆ చివర పక్క ఊరు కర్దనూర్‌లో ఉందేమో అనిపించింది.

"సారూ, ఖాళీది నడుస్తది, నిండుది పడ్తది. మీ రాతల్నే ఏదో ఉన్నది, జెర సూడుండ్రి."

"నా కోడ్‌లో తప్పుండదు సాయిలన్నా. నువ్వే ఏదో నొక్కుతున్నావు."

"చేతులు కట్టుకోని కూసున్న గదా!"

"అయితే కాలు తగిలుంటుంది."

మేనేజర్ వచ్చి, తప్పెవరిదన్నాడు. "ఆపరేటర్‌ది," అన్నాను. ఆ జవాబుకు ఏ ఎర్రరూ రాలేదు.

"అయితే రేపటి నుంచి ఇతను లోడింగ్‌కు."

"బస్తాలు మోసుడు ఈ మోకాళ్లతోని కాదు సార్. ఇగ ఇంటికి పోవుడే," అన్నాడు సాయిలన్న. నావైపు తిరిగాడు. "సారూ, నిన్న దీన్ని ఎట్ల టెస్ట్ చేసిన్రు?"

"నేనే ఎక్కి నిలబడ్డాను. తర్వాత వాచ్‌మన్‌నూ క్యాంటీన్ వాళ్లనూ ఎక్కించాను."

"అంత కలిపి ఎంతొచ్చింది?"

"మూడువందల నలభై కిలోలు."

"ఖాళీ లారీ తొమ్మిది వేలు. నిండుది ఇరవై అయిదు వేలు. మీ దాంట్ల ఎన్ని అంకెలు పడ్తయి?"

కోడ్ తెరిచాను. మెమొరీలో బరువుకు నేను కేటాయించిన చోటు నాలుగు అంకెలకే. అయిదోది షేర్ ఆటోలో ఆఖరి మనిషిలా పోయి డ్రైవర్ ఒళ్లో కూర్చుంటోంది. తప్పు నాదేనని ఒప్పుకున్నాను.

"మరి లోడింగ్‌కు ఎవరిని పంపమంటారు?" మేనేజర్ నన్నే చూస్తున్నాడు.

"ఈ సార్‌ను మాత్రం పంపకుండ్రి," అన్నాడు సాయిలన్న. "ఒక్క బస్తా ఎత్తితే ఈయనకే మెమొరీ ఎర్రర్ వస్తది."

నిండు లారీ ఎక్కించనిదే ఏ ప్రోగ్రామూ బాగుందని అననని, నా కోడ్ మొత్తం చదవనిదే ఏ మనిషినీ వేలెత్తి చూపనని కాంటా మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను. కాంటా సున్నా చూపించింది.