ఉయ్యాల కట్టనివ్వని అంకుల్

పక్కింటి అంకుల్ పోయారు. మొన్న పొద్దున్న కాఫీ కలుపుతుంటే వాళ్ళబ్బాయి గేటు దగ్గర నిలబడి చెప్పాడు. నిద్రలోనే పోయారట. సింగపూర్ ఆంగ్ మో కియోలోని మా పాత ఫ్లాట్ల బ్లాకుకు మరమ్మతులు సాగుతున్నాయి, పై అంతస్తులో డ్రిల్లింగ్ మోత ఆగలేదు. ఆ మోత విని "పని బాగానే చేస్తన్నారు" అని చెప్పే మనిషి ఇక లేరు.

ఆయన బతుకంతా ఇలాంటి బ్లాకులను బాగుచేసిన మేస్త్రీ. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. లిఫ్టు కోసం నిలబడ్డా గోడను వేలి కణుపుతో తట్టేవారు. "గోడ మాటాడతాదమ్మా, మనమే వినం" అనేవారు. పాపం, పనిలేక కాబోలు అనుకునేదాన్ని. సిగ్గు విడిచి చెబుతున్నాను.

మా పాపను ఉయ్యాలలో వేసిన రోజు సంగతి చెప్పాలి. పడగ్గది కప్పుకు పాత ఫ్యాన్ కొక్కెం ఉంది. ఇంకేం కావాలి! అమ్మ గుంటూరు నుంచి తెచ్చిన పట్టుచీరను మావారు దానికి కట్టేశారు. చుట్టాలూ స్నేహితులూ వచ్చేశారు. ముహూర్తానికి పావుగంట ఉందనగా అంకుల్ గదిలోకి వచ్చి, చీపురు తిరగేసి, దాని కర్రతో కొక్కెం చుట్టూ తట్టారు.

"తా బొలే" అన్నారు మలయ్‌లో. "కుదరదమ్మా. లోపల ఇనపకడ్డీ తుప్పట్టీసింది. సిమెంటు డొల్ల."

"ముహూర్తం దాటిపోతుంది అంకుల్! పసిగుడ్డు, ఎంత బరువుంటుందని?"

"బిడ్డ బరువు కాదమ్మా, కప్పు బరువు చూడు."

శుభమా అని పేరు పెట్టుకుంటుంటే ఇవేం మాటలని అమ్మ నా చెవిలో గొణిగింది. నాకూ ఒళ్ళు మండింది. అడ్డు లేవండని కసిరాను కూడా. ఆయన కదిలితేనా! ముడి తనే విప్పి, చీర నా చేతిలో పెట్టి, "నన్ను తరవాత తిట్టుకో. పిల్లని హాల్లోకి తే" అన్నారు. చివరికి చీర ఒక కొస ఆయన, ఇంకో కొస మావారు పట్టుకుని ఊపారు. మేం పాటలు పాడినంతసేపూ ఆ ముసలి చేతులు వణకలేదు.

మూడో రోజు మధ్యాహ్నం పడగ్గదిలో ధభేల్‌మని చప్పుడైంది. వెళ్ళి చూస్తే, కొక్కెంతో సహా పెచ్చు ఊడి నేల మీద పడి ఉంది. దాన్ని మావారు కూడా ఒక్కరే ఎత్తలేకపోయారు. పాప నా భుజం మీద ఉంది. అలాగే పరుగున వెళ్ళి పక్కింటి తలుపు కొట్టాను.

అంకుల్ వచ్చారు. నేను చెప్పలేదా అని ఒక్క మాట అనలేదు. నిచ్చెన వేసుకుని, డొల్లంతా కొట్టేసి, కడ్డీకి పట్టిన తుప్పు గీకి, మందు పూసి, సిమెంటు మెత్తారు. క్షమించమని ఏడిస్తే, "ఇన్నేళ్ళు తట్టినోడికే ఒక్కోసారి వినబడదు. నీకెలా వినబడతాదమ్మా?" అన్నారు. చీపురు కర్రతో నిమిషంలో కాంక్రీటు లోపలి రోగం పట్టేశారే, ఏమి మనిషి!

పాపకిప్పుడు తొమ్మిదేళ్ళు. ఈ కథంతా నిన్న, ఆయన అంత్యక్రియల నుంచి వచ్చాక, మొదటిసారి చెప్పాను. సాయంత్రం చూస్తే తన పరుపును పడగ్గదిలోకి లాక్కొచ్చి, కప్పు మీద మిగతాదానికంటే తెల్లగా కనిపించే ఆ అతుకుకు సరిగ్గా కింద వేసుకుంది.

"ఇక్కడెందుకే?" అన్నాను.

"తాతయ్య రిపేర్ చేశారు కదమ్మా. సేఫెస్ట్ ప్లేస్, లా."

అని ఇక్కడి పిల్లల యాసలో తేల్చేసి, వెల్లకిలా పడుకుని, చేతులు రెండూ బార్లా చాపి నిద్రపోయింది.