ఒడ్డెక్కినాక అడుగు

ఆ రోజుల్లో డిగ్రీ చేతికొస్తే చాలు, సముద్రం కూడా మనం అడిగినదానికి జవాబు చెబుతుందనుకునేదాన్ని. బరంపురం గోసాని నువాగాంలో మాది కిరాణా కుటుంబం. ఇంట్లో బియ్యం అయిపోతే 'అయిపోయాయి' అనకుండా 'నిండుకున్నాయి' అనడం నేర్చుకుంటూ పెరిగాను. (బోణీ వేళ 'లేదు' అన్నందుకు నాన్న చేత మొట్టికాయలు తిన్నదాన్ని కూడా.) అలాంటి నన్ను, జువాలజీ చదివిన పాపానికి, తొలి ఉద్యోగంలోనే చావుల లెక్కకు పంపారు. సూర చేపల (ట్యూనా) కోసం వేసే వలల్లో చిక్కుకుని డాల్ఫిన్లు చచ్చిపోతున్నాయి. కొన్ని పడవలవాళ్లను అడిగి, పడవకు సగటున ఎన్నో తేల్చి, తీరంలోని పడవలన్నిటితో హెచ్చవేస్తే అంచనా వస్తుందని మా ఆఫీసరు చెప్పారు. హెచ్చవేత నాకు బాగా వచ్చు. అడగడమే రాదని జాలర్ల ఊరు రామయ్యపట్నం వెళ్లాక తెలిసింది.

తెల్లవారగానే పడవల్ని నీళ్లలోకి తోస్తున్నారు. అందరూ ఒకచోట దొరికారని సంబరపడి, ఒకతను పడవలో కాలు పెడుతుండగా, "మీ వలలో ఈ ఏడాది ఎన్ని చచ్చిపోయాయండీ?" అని గట్టిగా అడిగాను. తోసేవాళ్ల చేతులు ఆగిపోయాయి. అతను గంగమ్మకు దణ్ణం పెట్టుకుని పడవెక్కాడు. అతని తల్లి వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"పడవ కదిలినప్పుడు సావు మాట ఏటమ్మా? మావోడు ఒచ్చీదాకా ఇక్కడే కూకో. నీ మాట ఇని ఎల్లినోడు నీ కళ్లముందే రావాల."

కూర్చున్నాను. మొదట నవ్వొచ్చింది, సైన్సు చదివినదాన్ని కదా. మధ్యాహ్నానికి గాలి లేచింది. పడవలు ఒక్కొక్కటే ఒడ్డుకు చేరుతుంటే నా సైన్సు కొంచెం కొంచెంగా జారిపోయింది. అన్నీ వచ్చాయి, అతనిది తప్ప. అతనికేమైనా అయితే నా నోటివల్లే అని ఊరంతా అంటుంది. ఊరు అనకపోయినా నేను అనుకుంటాను, ఆ భయమే ఎక్కువ. బరంపురం ఠాకురాణి అమ్మవారికి తెలుగులో ఒకసారి, ఎందుకైనా మంచిదని ఒడియాలో ఇంకోసారి మొక్కుకున్నాను. అతని తల్లి చద్దన్నం గిన్నె నా ముందు పెట్టింది.

"తిను. బయపడినోలు కాళీ కడుపుతో కూకోకూడదు."

ఆవిడ మాత్రం తినలేదు. కెరటాలకేసే చూస్తూ మళ్లీ నా చెయ్యి పట్టుకుంది. నేను పారిపోతానని పట్టుకుందనుకున్నాను. గాలి హోరెత్తినప్పుడల్లా ఆ పట్టు బిగుస్తోందని అప్పుడు తెలిసింది.

ఎండ వాలేవేళకు పడవ కనిపించింది. అందరికంటే ముందు నేనే పరిగెత్తి, నీళ్లలో చీరతో సహా కూలబడ్డాను. అతను దిగి తల్లితో, "వల్లో డాల్ఫిన్ పడ్డాదే అమ్మా. బతికే ఉన్నాది. వల కోసి ఒదిలేసినాం, అందుకే ఆలీసెం" అన్నాడు.

ఆవిడ కళ్లు తుడుచుకుని నన్ను ముందుకు తోసింది. "ఇప్పుడడుగు. ఒడ్డెక్కినాక ఏటైనా అడగొచ్చు."

నేను తడిసిన చీర కొంగు పిండుకుంటూ నిలబడ్డాను. ఆ ఏడాది రెండు చచ్చిపోయాయని అతనే జాలిపడి చెప్పాడు. రాసుకున్నాను. ఆ రోజు బతికి వెళ్లినదాన్ని ఎక్కడ రాయాలో తెలియలేదు. మా ఆఫీసరు లెక్కలో దానికి చోటు లేదు.

ఇప్పుడు మా అమ్మాయి ఉద్యోగం నుంచి రావడం ఆలస్యమైతే ఫోన్ చెయ్యను. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటాను. అది లోపల కాలు పెట్టగానే ఎక్కడున్నావు, ఏం తిన్నావు, ఎందుకింత ఆలస్యం అని మొదలుపెడతాను. చెప్పులైనా విప్పనీయమ్మా అని విసుక్కుంటుంది.

"ఒడ్డెక్కినాకే కదే అడుగుతున్నాను" అంటాను, దాని చెయ్యి పట్టుకుని.