ఇవాళ నువ్వు లేవు

మొన్న ఆదివారం మా మనవరాలి కాలేజీ జట్టు బాస్కెట్‌బాల్ మ్యాచ్ చూడటానికి సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియానికి వెళ్ళాను. సీజన్‌లో మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడిన ఆ జట్టు, పద్ధతి తప్పడం ఇష్టం లేక కాబోలు, మూడోదీ ఓడింది. బయటికి వచ్చి చెరుకురసం తాగుతూ మా మనవరాలు తీర్పు చెప్పింది. మొదటి ఐదుగురూ మంచివాళ్ళేనట, కానీ వాళ్ళ సార్ ఎవరినీ మార్చడట, సగం ఆట అయ్యేసరికి అందరికీ ఆయాసమే మిగులుతుందట. "రొటేషన్ లేదు తాతా, గంతే" అంది. నలభై అయిదేళ్ళ కిందట దిల్‌సుఖ్‌నగర్‌లో మా కాలేజీ సిమెంటు కోర్టు పక్కన కూర్చుని నేను చేసిన ఫిర్యాదు కూడా అక్షరాలా ఇదే. మన తరం నుంచి వాళ్ళకు ఇదొక్కటైనా చెక్కుచెదరకుండా అందిందని సంతోషించాను.

మా జట్టు సంగతి కూడా కాస్త చెప్పాలి. కెప్టెన్ చాలా పొడుగు, చాలా మంచివాడు, కానీ చేతులు ఆ మంచితనానికి లొంగేవి కావు. ప్రతి మ్యాచ్‌లోనూ ఐదు ఫౌళ్ళు పూర్తిచేసి, అందరికీ నమస్కారం పెట్టి ముందే బయటికి వచ్చేసేవాడు. తర్వాత మా షూటర్. బంతిని తోటివాడికి అందించడం మంచిదేనని సిద్ధాంతరీత్యా ఒప్పుకునేవాడు గాని ఆచరణలో పెట్టే సందర్భం అతనికి ఎప్పుడూ ఎదురు కాలేదు. మిగిలిన ముగ్గురూ బాగా పరుగెత్తేవారు, ఎటు అన్నది తర్వాత తేలేది. ఆరోవాణ్ణి నేను. బంతిని బుట్టలో వేయడం నాకు రాదు, ఎదుటివాణ్ణి వేయనివ్వకపోవడం మాత్రం కొంత వచ్చు. ఈ విద్యకు స్కోరు బోర్డు మీద గడి ఉండదు కాబట్టి, కెప్టెన్ బయటికి వచ్చినా ఇంకో పొడుగువాడే దిగేవాడు, నేను మొదటి రెండు మ్యాచ్‌లూ బల్ల మీదే కూర్చున్నాను. అక్కడి నుంచి ఆట చాలా స్పష్టంగా కనబడుతుంది.

అప్పట్లో నేను నల్గొండ దగ్గరి మా పల్లె నుంచి డిగ్రీకి వచ్చి మేనమామ ఇంట్లో ఉండేవాణ్ణి. మామకు ఎల్బీనగర్‌లో లారీలు బాగుచేసే షెడ్డు ఉండేది. ఎల్బీనగర్ అంటే అప్పటికింకా ఊరు అయిపోయి రోడ్డు మొదలయ్యే చోటని మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. సాయంత్రాలన్నీ ఆట పేరుతో పోతున్నాయని మామకు అనుమానం పట్టుకుంది. "ఆడుతున్నవా, ఉట్టిగ కూసుంటున్నవారా? మూడో మ్యాచుకు నేనే ఒస్త. కూసున్నవనుకో, తెల్లారి సంది షెడ్డుకొచ్చి స్పానర్ పట్టు" అన్నాడు. మామ మాట అంటే మాటే. అంటే ఆ రోజు నేను కోర్టులో దిగకపోతే నా ఆట అంతటితో సరి.

మామ వచ్చాడు. ఉతికిన చొక్కా తొడుక్కుని, సరిగ్గా మా బల్ల వెనకే నిలబడ్డాడు. మా సార్ తెనాలి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి, ఎంత పిల్లవాడినైనా 'ఏవయ్యా' అనే పెద్దమనిషి. ఆయన ఒక్కొక్కరి పేరూ పిలుస్తుంటే నలుగురు లేచి కోర్టులోకి వెళ్ళారు. మిగిలింది ఒక్క చోటు, దానికి షూటర్, నేను. షూటర్ ధీమాగా బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. సార్ నా వైపు తిరిగి, పాపం కొంచెం నొచ్చుకుంటూనే, "ఇవాళ నువ్వు లేవు" అన్నారు.

తెనాలిలో ఆ మాటకు అర్థం ఒకటే. మా ఇంట్లో ఇంకొకటి. మా అమ్మ నన్ను రోజూ పొద్దున్నే నిద్రలేపింది ఆ మాటతోనే. కాబట్టి లేచాను. లేవడమేమిటి, ఒక్క పరుగులో కోర్టు మధ్యలో ఉన్నాను. షూటర్ లేసు ముడివేసి తలెత్తేసరికి రిఫరీ బంతిని గాల్లోకి ఎగరేశాడు. సార్ నోరు తెరిచారు గాని విజిల్ మోతలో ఏమీ వినబడలేదు, వినాలని నేనూ ప్రయత్నించలేదు.

అవతలి జట్టులో బాగా ఆడేవాడికి అంటుకుపోయాను. ఇంటర్వల్ దాకా వాడు నాతో తప్ప ఇంకెవరితోనూ కాలక్షేపం చేయలేకపోయాడు. ఇంటర్వల్ తర్వాత, అంతసేపూ ఊరికే కూర్చుని అలసట ఎరగని షూటర్ నా బదులు దిగి, వేసిన ప్రతిదీ బుట్టలో వేశాడు. గెలవలేదు. కానీ ఆ సీజన్‌లో మొదటిసారి మర్యాదగా ఓడిపోయాం.

అయ్యాక సార్ నన్ను పిలిచారు. "ఏవయ్యా, నువ్వు లేవని చెప్పాను కదా?"

"అవ్ సార్, లేవమన్నరని లేచిన."

వెనక నుంచి మామ అందుకున్నాడు. "మీరే లెవ్వుమంటిరి, పిల్లగాడు లేచె. మల్ల గీ పంచాది ఏంది సార్?" అప్పుడు వెలిగింది ఆయనకు. నవ్వు ఆపుకోలేక బల్ల మీద కూలబడ్డారు.

ఇంటికి వెళ్తుంటే దారిలో మామ అడిగాడు. "ఒక్కటి గూడ ఎయ్యకపోతివి గదరా?" ఆపడమే నా పని అని చెప్పాను. కొంచెం దూరం ఆలోచిస్తూ నడిచాడు. "బ్రేకువన్నట్టు" అన్నాడు. "సరే, బ్రేకు గూడ ఉండాలె." షెడ్డు మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ తర్వాత మా జట్టుకు మామే స్వయంప్రకటిత సలహాదారు. ప్రతి మ్యాచ్‌కూ వచ్చి సార్ పక్కనే కూర్చుని "గా పొడుగు పిల్లగాడు ఇంజిన్ లెక్క ఏడెక్కిండు సార్, జర పక్కకు పెట్టున్రి" అనేవాడు. "మీరుండండి గురువుగారూ" అని సార్ విసుక్కునేవారు. కాసేపాగి, ఆ ఆలోచన తనకే వచ్చినట్టు కెప్టెన్‌ను బయటికి పిలిచేవారు. ఫౌళ్ళు తగ్గాయి. ఆ ఏడాది కింది నుంచి రెండో స్థానంలో నిలిచాం. కింద ఇంకొక జట్టు ఉండటమన్నది మాకు కొత్త అనుభవం.

సార్ లేరు, మామా లేడు. షెడ్డు ఉన్నచోట ఇప్పుడు ఫ్లాట్లు, వాటి కిటికీల్లోంచి చూస్తే మెట్రో కనబడుతుంది. గుంటూరు నుంచి వచ్చిన మా కోడలు 'ఎలా' అంటుంది, దాని కూతురు 'ఎట్ల' అంటుంది, నా నోట ఏది వస్తుందో నాకే ముందు తెలియదు. జట్టులో ఎవరుంటారో పిల్లలకు ముందురోజే ఫోన్లో వచ్చేస్తుంది, పేరు ఉందో లేదో చూసుకుంటే చాలు. చైతన్యపురి హాస్టళ్ళలో ఏ జిల్లా పిల్లల మాటైనా ఏ జిల్లా పిల్లలకైనా మొదటిసారికే అర్థమవుతోంది. చాలా సౌకర్యంగా ఉంది, కాదనను. కాకపోతే, పొరపాటున లేచి నిలబడే వీలు మాత్రం ఇప్పుడు ఎవరికీ లేకుండా పోయింది.