రతీబా మెడలోని పదకొండు రాళ్లు

ఎర్రసముద్రం ఒడ్డున మర్సా ఆలం అనే ఊళ్లో సముద్రం వైపు చివరి ఇల్లు రతీబాది. పెళ్లయి ఏడేళ్లయినా భర్త షాజ్లీతో ఒక కప్పు కింద గడిపిన కాలం రెండేళ్లకు మించదు. మిగతా రోజులన్నీ అతను జబర్గద్ దీవిలో ఆకుపచ్చ రాళ్లు తవ్వేవాడు. పడవ మీద రెండు రోజుల ప్రయాణం. అక్కడ చెట్టు లేదు, గుక్కెడు మంచినీళ్లు లేవు. నాలుగు నెలలకోసారి ఇంటికొచ్చి, ఒంటి ఉప్పు కడుక్కుని, అల్లం దంచి వేసిన కాఫీ మూడు కప్పులు తాగితే గాని నోరు విప్పేవాడు కాదు.

విప్పాడంటే ఇక రాళ్ల కబుర్లే.

"పగలు ఆ రాయి కంటికి ఆనదే రతీబా. పొద్దు దిగాక నేలలోంచి మినుకుమంటుంది. చూసినవాడు అక్కడ గిన్నె బోర్లించి వచ్చేస్తాడు. తెల్లారాక గిన్నె తీసి తవ్వుకోవడమే."

"నువ్వెన్ని గిన్నెలు బోర్లించావేంటి?"

"మా తాత బోర్లించాడట. నాకున్నది ఒక్క గిన్నె. అది కాస్తా బోర్లిస్తే పప్పు దేంట్లో తినను?"

పూర్వం ఆ దీవిని పాములు కాసేవని, వాటి మధ్యలోంచి తెచ్చిన రాయి గనక దాన్ని ఒంటి మీద పెట్టుకున్నవాళ్ల దగ్గరికి భయం రాదని కూడా అతని తాత చెప్పాడట. ఈ మాట చెప్పేటప్పుడు మాత్రం షాజ్లీ నవ్వేవాడు కాదు. "నేను లేనప్పుడు ఈ రాయి మెడలో ఉండనీ. భయం నీ గడప తొక్కదు," అనేవాడు.

పగుళ్లున్న రాళ్లను మేస్త్రీ కూలీలకే వదిలేసేవాడు. అలాంటివి ఒకటో రెండో నడుముగుడ్డలో ముడివేసి తెచ్చేవాడు షాజ్లీ. చిక్కుడు గింజంత రాళ్లు, లేత ఆలివ్ కాయ రంగు. పది పోగయ్యాక కుసైర్ పట్నంలోని కంసాలి చేత వెండి తీగతో హారం కట్టించాడు.

పదకొండోది జాబ్రీ తెచ్చాడు. దీవిలో షాజ్లీతో ఒకే గుడిసెలో ఉండే మనిషి. అతని చంకలో షాజ్లీ దుప్పటి చూడగానే రతీబాకు అర్థమైపోయింది.

"మూడు రోజులు జ్వరం చెల్లీ. ఆ ఎండల్లో ఇక్కడిదాకా తేలేక అక్కడే మట్టి చేశాం. ఈ రాయి గుప్పిట్లోనే ఉంది. నిద్రపోయినట్టే పోయాడు. బెదురన్నది లేదు."

మరుసటి ఏడాది తవ్వకం ఆగిపోయింది. దీవికి పడవలు పోవడం మానేశాయి. ఇద్‌ఫూలో ఉన్న అన్న రమ్మని రెండుసార్లు కబురుపెట్టాడు. ఆమె కదల్లేదు. ఊరి వెనక కొండల్లోని వేరే గనుల పనివాళ్లకు రొట్టెలు కాల్చి అమ్ముకుంటూ ఉండిపోయింది. పిండి ముద్దలు ఎండలో పెట్టి, అవి పొంగేదాకా పక్కనే కూర్చునేది. పిండికి కాపలా ఎందుకు? ఆమెకే ఇంకో చోట కూర్చునే పని లేదు. అలవాటు కొద్దీ ఇద్దరికి కాఫీ కాచి, ఒకరిది పారబోసిన రోజులెన్నో.

గాలికి తలుపు కొట్టుకుంటే గుండె దడదడలాడేది. హారం గట్టిగా పట్టుకునేది. దడ తగ్గేది కాదు. అతను ఒక్క రాయితో బెదరకుండా వెళ్లిపోయాడు, పదకొండు వేసుకున్న నాకేమిటీ పిరికితనం అని తనను తానే తిట్టుకునేది. సిగ్గేసి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరూ లేరు కూడా.

అలా ఇరవై రెండేళ్లు గడిచాక, గునైమ్ అనే జాలరి జబర్గద్ వైపు వేటకు వెళుతున్నాడని విని అతని దగ్గరికి వెళ్లింది.

"ఆడమనిషిని ఎక్కించుకుంటే చేపలు పడవంటారత్తా."

"పడకపోతే నా రొట్టెలు తిందువుగాని."

ఆమె వెళుతోందని తెలిసి జాబ్రీ కూడా కర్ర పట్టుకుని వచ్చాడు. అప్పటికే అతని కళ్లకు పొరలు కమ్మాయి. "సమాధి చూపించేవాడు ఉండొద్దా," అన్నాడు.

దీవిలో కప్పులు ఎగిరిపోయిన గుడిసెలు, సగం పూడిన గోతులు. వాలు మీద మూడు రాళ్ల కుప్పలు. జాబ్రీ ఒక్కోదాన్నీ తడిమాడు. మధ్యదన్నాడు. కాదు, చివరిదన్నాడు. చివరికి అక్కడే చతికిలబడ్డాడు.

"తెలియట్లేదు చెల్లీ. నేను పాతిన కర్ర లేదు."

రతీబా మూడింటి దగ్గరా పోయినవాళ్ల కోసం ఫాతిహా చదివింది. తాగడానికి తెచ్చిన డబ్బాలోంచి మూడింటి మీదా మంచినీళ్లు పోసింది. నీళ్ల చప్పుడు విని జాబ్రీ తల వంచుకున్నాడు.

"నేను నీకు అబద్ధం చెప్పాను. వాడు బెదిరిపోయాడు. రాయి పిడికిట్లో పట్టుకునే ఉన్నాడు, అయినా వణికిపోయాడు. నన్ను కదలొద్దని బతిమాలాడు. నీళ్ల పడవ వచ్చిందని రేవుకు పోయాను. పీపాలు దించి వచ్చేసరికి అయిపోయింది. పట్టపగలు, పక్కన మనిషన్నవాడు లేకుండా."

రతీబా నీళ్ల డబ్బాకు మూత బిగించింది.

"ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"ఒంటరిదానివి. ఆ రాళ్ల ధైర్యమైనా నీకుండనీ అనుకున్నాను."

"నాకూ ఎప్పుడూ పనిచెయ్యలేదు జాబ్రీ అన్నా," అంది రతీబా. ఇరవై రెండేళ్లలో ఆ మాట పైకి అనడం అదే మొదలు. అన్నాక ఏడ్చింది. దుప్పటి వచ్చిన రోజున కూడా అంతలా ఏడవలేదు.

తిరిగొచ్చాక ప్రతి శుక్రవారం నమాజు కాగానే జాబ్రీ తడుముకుంటూ ఆమె గుమ్మానికి వచ్చేవాడు. కాఫీ తాగేవాడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. రెండు చలికాలాలు అలా సాగింది. మూడో చలికాలంలో అతనూ పోయాడు.

ఆ తర్వాత రతీబా ఇంకో తొమ్మిదేళ్లు బతికింది, ఒక్కతే. గాలి వీస్తే గుండె దడ మామూలే, కాకపోతే దానికి సిగ్గుపడటం మానేసింది. హారం మాత్రం తియ్యలేదు. రొట్టెల కోసం వచ్చిన కొత్త కోడళ్లు దాన్ని చూసి, ఇది ఉంటే భయం వెయ్యదటగా అని అడిగేవారు.

"వేస్తుందమ్మా," అనేది రొట్టె చేతికిస్తూ. "మా ఆయన తెచ్చాడు. ఎండలో చూడు, ఎంత బాగుంటుందో."