ఉలి కనబడ్తుందా?

మా బండల మేస్త్రీ పోయాడు. వికారాబాదులో బిడ్డ ఇంట్లో, పొద్దున చాయ్ తాగుతూ తాగుతూనే ఒరిగిపోయాడట. తాండూరు గనిలో మాకు ఆ మాట అందగానే సమ్మెటలన్నీ ఆగాయి. నిద్రలో పోయాడా అని ఎవడో అడిగాడు. ఆయన నిద్రలో పోతాడా? నిద్రమొహాలంటేనే ఆయనకు పగ.

మీకు తెలియకపోవచ్చు, బండ చీల్చడం ఇద్దరి పని. ఒకడు ఉలి పట్టుకుని కూర్చుంటాడు, ఇంకొకడు నిలబడి సమ్మెటతో కొడతాడు. కొట్టేవాడి బుర్ర కాస్త పక్కకు పోయిందంటే పట్టినవాడి చెయ్యి పచ్చడే. మేస్త్రీ ఎడమ చేతికి మూడే వేళ్లు. పందొమ్మిది వందల నలభై ఎనిమిదిలో, రజాకార్ల భయంతో ఊరంతా రాత్రుళ్లు కర్రలు పట్టుకుని కాపలా కాసిన రోజుల్లో, పొద్దున పనికొచ్చి కళ్లు మూతలు పడుతుండగా ఆయన సొంత అన్నే మిగతా రెండూ నలగ్గొట్టాడు. ఆ అన్న మళ్లీ సమ్మెట ముట్టలేదు.

తమ్ముడు, అంటే మా మేస్త్రీ, మాత్రం రోజూ పనికి ముందు నిద్రమత్తు వదలాలని మాకు కసరత్తు తగిలించాడు. కుడిచేత్తో ఎడమ చెవి, ఎడమచేత్తో కుడి చెవి పట్టుకుని గుంజీలు. ఆ తర్వాత కుడి మోచెయ్యి ఎడమ మోకాలికి, ఎడమది కుడిదానికి. మధ్యలో ఉన్నట్టుండి గులకరాయి విసిరేవాడు. పట్టుకున్నవాడు పనికి, మొహం పగిలినవాడు మళ్లీ గుంజీలకు. మా వాపులు చూసి మా ఆడవాళ్లు గనిలో రోజూ కొట్లాటే అనుకునేవాళ్లు.

"మేస్త్రీ, బడిల పంతులు గూడ గిట్లనే పట్టిస్తుండె. చెవులు పెరిగినయి గాని సదువు రాలె" అన్నాను ఓసారి.

"జర గట్టిగ గుంజలేదేమో" అని ఆయనే వచ్చి నా చెవి మెలేశాడు.

నా ఉలి మీద సమ్మెట కొట్టేది మా బావమరిది. ఓసారి సంతలో వాడు కల్లు తాగి పడుకున్నప్పుడు వాడి నెత్తికి గొర్రెలకు వేసే ఎర్ర రంగు పూశాను. ఎవడో బేరగాడు గొర్రెకు చూసినట్టే వాడి పళ్లు చూసి ధర అడిగాడు. ఇప్పటికీ తలుచుకుంటే నవ్వు ఆగదు.

మర్నాడు పొద్దున కసరత్తులో, ఆ కోపం మీదే ఉండి, వాడు ఒక్క రాయీ పట్టలేదు. మోచెయ్యి మోకాలికి అందలేదు. పెదవి పగిలింది. నెత్తురు ఉమ్మేసి సమ్మెట అందుకున్నాడు. నేను అప్పటికే ఉలి పట్టి కూర్చున్నాను.

"ఇయ్యాల నీ చెయ్యి గాదు బావా, పుర్రె పల్గుతది!"

మేస్త్రీ నన్ను జుట్టు పట్టి అవతలకు ఈడ్చేసి నా చోట కూర్చున్నాడు. ఆ మూడు వేళ్లతో ఉలి నిలబెట్టాడు.

"ఉలి కనబడ్తుందారా?"

"వాడు కనబడ్తున్నడు!"

"అయితే చెవులు పట్టు."

"లే మేస్త్రీ. లేవకుంటే నిన్నే కొడ్త."

"కొట్టు. మా అన్న నిద్రల కొట్టిండు. నువ్వు మేల్కొని కొట్టినవని చెప్పుకుంట."

సమ్మెట గాలిలో ఆగింది. చాలాసేపటికి నేల మీద పడింది. వాడు చెవులు పట్టుకున్నాడు. మోకాళ్లు వణికేదాకా లేచాడు, కూర్చున్నాడు. అంతసేపూ మేస్త్రీ ఉలి వదల్లేదు.

"ఇప్పుడు?"

"కనబడ్తుంది మేస్త్రీ."

ఒకే దెబ్బ. బండ ఈ కొస నుంచి ఆ కొసకు తెల్లగా చీలింది. మేస్త్రీ లేచి నేరుగా వచ్చి నా చెంప పగలగొట్టాడు.

"నీకు గుంజీలు పనికిరావు. నీ బుర్ర ఎప్పుడూ మేల్కొనే ఉంటది, గదే నీ రోగం."

ఆ వైపు చెవికి ఇప్పటికీ సరిగా వినిపించదు. కానీ నా పది వేళ్లూ నాకున్నాయి. ఈ నాలుగు ముక్కలు వాటితోనే రాస్తున్నాను.

ఆయన సమాధికి బండ మేమే తెచ్చాం. కొలతకు చీల్చాలి. నేను ఉలి పట్టి కూర్చున్నాను, బావమరిది సమ్మెట ఎత్తాడు.

"ఉలి కనబడ్తుందారా?" అన్నాను.

వాడు భుజంతో కళ్లు తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు.

"కనబడ్తలేదు బావా."

సమ్మెట దించాడు. నేనూ ఉలి పక్కన పెట్టి లేచాను. చుట్టాలు నోళ్లు తెరిచి చూస్తున్నారు. మేస్త్రీ బిడ్డ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఏడుస్తోందో నవ్వుతోందో. పచ్చి మట్టి పక్కన, ఇంకా చీలని బండ ముందు, ఎండలో మేమిద్దరం చేతులు అడ్డంగా వేసి చెవులు పట్టుకుని లేస్తున్నాం, కూర్చుంటున్నాం.